ప్రపంచ మెన్నోనైట్ సహవాసం: ఆరాధనలోనే సమాధానం

(ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, సంఘ కాపరులకు, సహోదరీ సహోదరులందరికీ ప్రభువు నామంలో వందనాలు. క్రైస్తవేతర మిత్రులు కూడా కొందరు వచ్చారు, చాలా సంతోషం. మీకు కొత్తగా ఉండే మాటలు వస్తే విప్పి చెబుతూ పోతాను.

మెన్నోనైట్లు అంటే ఆయుధం పట్టకూడదని నమ్మే ఒక క్రైస్తవ శాఖ. ఆ పేరు అనగానే చాలామందికి అమెరికాలో గుర్రపు బగ్గీల మీద తిరిగే, కరెంటు వాడని మనుషుల ఫొటోలు గుర్తొస్తాయి. ఆ ఫొటోల్లో ఉండేది ఎక్కువగా ఆమిష్ వాళ్లు. 1693 ప్రాంతంలో స్విట్జర్లాండ్, అల్సాస్‌లలో విడిపోయిన శాఖ అది. ఇవాళ మెన్నోనైట్లు, వాళ్లతో ఒకే వేరు నుంచి వచ్చిన అనబాప్టిస్టు సంఘాలన్నీ (పెద్దయ్యాక తెలిసి నమ్మినవాళ్లకే బాప్తిస్మం ఇచ్చేవి) కలిపితే బాప్తిస్మం పొందిన విశ్వాసులు 20 లక్షలకు పైగా ఉన్నారు. 80కి మించిన దేశాల్లో ఉన్నారు. అందులో ఎక్కువమంది ఆఫ్రికా, ఆసియా, లాటిన్ అమెరికా వాళ్లు. అన్నిటికంటే పెద్ద జాతీయ సంఘం ఇథియోపియాది. పెద్ద సంఘాల్లో ఇంకొకటి తెలంగాణలో ఉంది. లక్షకు పైగా సభ్యులున్న మెన్నోనైట్ బ్రదరన్ సంఘం, మనం ఎం.బి. చర్చి అంటామే, అదే.

మరి ఇన్ని దేశాల వాళ్లను కలిపి ఉంచేది ఏమిటి? పోపు లాంటి అధికారి వీళ్లకు లేడు. అందరూ పాటించాల్సిన ఒకే ఆరాధన క్రమం లేదు. 2006లో ఈ సంఘాల ఉమ్మడి వేదిక అయిన ప్రపంచ మెన్నోనైట్ మహాసభ ఏడు ఉమ్మడి విశ్వాసాలను ఆమోదించింది, అవి ఒక్క పేజీలో పట్టేస్తాయి. నేను చాలాకాలంగా ఈ చరిత్ర చదువుతున్నాను. నాకు కనిపించిన జవాబు యేసు కొండమీద చేసిన ప్రసంగంలో, మత్తయి సువార్త ఐదో అధ్యాయంలో ఉంది: "అక్కడ బలిపీఠము నెదుటనే నీ అర్పణము విడిచిపెట్టి, మొదట వెళ్లి నీ సహోదరునితో సమాధానపడుము, అటు తరువాత వచ్చి నీ అర్పణము నర్పింపుము." సమాధానపడడం అంటే రాజీపడడం. ఆరాధనలో సగం ఆ వెళ్లి రావడమే అని నమ్మిన మనుషులు వీళ్లు. ఎప్పుడూ అలా బతికారని నేను అనను. తప్పినప్పుడల్లా ఆ మాట దగ్గరికే తిరిగి వచ్చారు.

మొదటికి వెళ్దాం. 1525 జనవరి 21, జూరిక్ నగరం. అక్కడి పెద్ద దేవాలయం గ్రాస్‌మున్‌స్టర్‌కు కూతవేటు దూరంలో ఫెలిక్స్ మాంజ్ తల్లి ఇల్లు. కొంతమంది యువకులు ఆ ఇంట్లో రాత్రిపూట కూడుకున్నారు. కాన్రాడ్ గ్రెబెల్ అనే ఆయన జార్జ్ బ్లౌరాక్ అనే ఆయనకు బాప్తిస్మం ఇచ్చాడు. పసితనంలో అందరికీ ఇచ్చేసిన బాప్తిస్మాన్ని పక్కనపెట్టి, పెద్దవాడై తెలిసి నమ్మినవాడికి మళ్లీ ఇవ్వడం. అందులో ప్రాణాలు తీసేంత నేరం ఏముంది అనిపిస్తుంది ఇప్పుడు. ఆ కాలంలో చర్చి, రాజ్యం ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉండేవి. ఊళ్లో పుట్టిన ప్రతి బిడ్డా పుట్టుకతోనే సంఘ సభ్యుడు, పౌరుడు కూడా. విశ్వాసం ఎవరికి వారు ఎంచుకునేది అన్నారంటే ఆ కట్టు మొత్తం వదులైపోతుంది. అందుకే 1527 జనవరి 5న ఫెలిక్స్ మాంజ్‌ను చేతులూ కాళ్లూ కట్టి లిమ్మత్ నదిలో ముంచి చంపారు. అదే సంవత్సరం ఫిబ్రవరిలో స్విట్జర్లాండ్‌లోని ష్లైట్‌హైమ్‌లో కొందరు కలిసి, క్రీస్తును వెంబడించేవాడు కత్తి పట్టడు అని రాసుకున్నారు. ఆ సమావేశాన్ని నడిపిన మైఖేల్ సాట్లర్‌ను మే నెలలో మంటల్లో వేసి చంపారు.

కత్తి పట్టిన అనబాప్టిస్టులు కూడా ఉన్నారు, దాచాల్సిన పని లేదు. 1534, 35లలో జర్మనీలోని మున్‌స్టర్ నగరాన్ని పట్టుకుని దేవుని రాజ్యం పేరుతో రక్తం పారించారు. ఆ ఘోరం తర్వాత చెల్లాచెదురైన విశ్వాసులను శాంతిమార్గంలో కూడగట్టినవాడు నెదర్లాండ్స్ దేశపు ఫ్రీస్‌లాండ్‌లో కాథలిక్ గురువుగా ఉన్న మెన్నో సైమన్స్. 1536లో ఆయన తన పదవి వదిలేసి వీళ్లలో కలిశాడు. మెన్నోనైట్ అనే పేరు ఆయన మీదుగానే వచ్చింది. తన రచనలన్నిటి మీదా ఆయన ఒకే వచనం రాసుకునేవాడు: "వేయబడినది తప్ప, మరియొక పునాది ఎవడును వేయనేరడు, ఈ పునాది యేసుక్రీస్తే."

డిర్క్ విల్లెమ్స్ కథ మీలో కొందరు విని ఉంటారు. 1569లో నెదర్లాండ్స్‌లోని ఆస్పెరెన్‌లో చెరసాల నుంచి తప్పించుకుని గడ్డకట్టిన నీళ్ల మీదుగా పారిపోతున్నాడు. తరుముతున్న భటుడి కాళ్ల కింద మంచు పగిలింది. డిర్క్ వెనక్కి వచ్చి వాడిని లాగి బయటపడేశాడు. ఒడ్డు మీది అధికారి పట్టుకోమన్నాడు, పట్టుకున్నారు, మంటల్లో వేసి చంపారు. నాలుగున్నర శతాబ్దాలుగా మెన్నోనైట్ ఇళ్లలో పిల్లలకు చెప్పే కథ ఇది. పిల్లలు అడిగే ప్రశ్న ఒకటే ఉంటుంది: ఎందుకు వెనక్కి వెళ్లాడు? దానికి పెద్దల దగ్గర కూడా సులువైన జవాబు లేదు.

ఇప్పుడు ఇథియోపియా సంగతి కాస్త వివరంగా చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అమెరికా మెన్నోనైట్లు సహాయ కార్యక్రమాల కోసం అక్కడికి వెళ్లారు, ఆసుపత్రి నడిపారు. 1951లో మొదటి బాప్తిస్మాలు జరిగాయి. సంఘం పేరు మెసెరెటె క్రిస్టోస్. మెన్నో ఎప్పుడూ రాసుకున్న ఆ వచనంలోంచే ఆ పేరు తీసుకున్నారు. 1974లో చక్రవర్తి పోయి దెర్గ్ అనే సైనిక ప్రభుత్వం వచ్చింది. 1982లో ఆ ప్రభుత్వం సంఘాన్ని నిషేధించింది. ఆలయాలకు తాళాలు పడ్డాయి, ఆస్తులు పోయాయి, నాయకులు ఏళ్ల తరబడి జైల్లో ఉన్నారు. అప్పటికి సభ్యులు దాదాపు 5,000 మంది.

ఏం చేశారు వాళ్లు? ఐదారుగురు చొప్పున ఇళ్లలో కూడుకున్నారు. గట్టిగా పాడకూడదు, పక్కింటికి వినిపిస్తే ప్రమాదం. బైబిలు చేతపట్టుకుని వీధిలో నడవకూడదు. గుంపు కాస్త పెరిగిందంటే రెండుగా విడిపోవాలి. పాస్టర్లు అందుబాటులో లేరు కాబట్టి బోధించే బాధ్యత మామూలు విశ్వాసుల మీద పడింది, స్త్రీలు ముందుకు వచ్చారు. ఆలయం లేదు, వాద్యాలు లేవు, జీతం తీసుకునే బోధకుడు లేడు. 1991లో దెర్గ్ కూలిపోయి తలుపులు తెరుచుకున్నాక లెక్క చూసుకుంటే 34,000 మంది తేలారు! ఈ రోజు ఆ సంఖ్య కొన్ని లక్షలు.

ఇక్కడ ఒక్క మాట నొక్కి చెప్పాలనిపిస్తోంది. ఈ కథను చాలామంది సంఘాభివృద్ధికి సూత్రంలాగా చెబుతుంటారు, చిన్న గుంపులు పెట్టండి పెరుగుతారు అని. నాకు అది సరిపోదు. తమను వేధించిన ప్రభుత్వం కూలిపోయాక ఆ సంఘం ఏం చేసిందన్నది చూడాలి. జైళ్లలో సేవ మొదలుపెట్టారు, ఖైదీల మధ్య, పగబట్టిన కుటుంబాల మధ్య రాజీ కుదిర్చే పనిలోకి దిగారు. వాళ్ల పెరుగుదలకు ఎంత విలువ ఇస్తామో దీనికీ అంత విలువ ఇవ్వాలి.

శాంతి పని అనగానే రాయబారులు, ఒప్పందాలు, పెద్ద హోటళ్లలో చర్చలు అనుకుంటాం. మెన్నోనైట్ల దగ్గర అది చాలా చిన్నచోట మొదలైంది. 1974లో కెనడాలోని ఒంటారియోలో ఎల్మైరా అనే ఊళ్లో ఇద్దరు కుర్రాళ్లు తాగిన మత్తులో ఒక్క రాత్రిలో 22 మంది ఆస్తులకు నష్టం చేశారు. కార్ల టైర్లు కోశారు, అద్దాలు పగలగొట్టారు. నేరం చేసినవాళ్లను జైలు బయట పర్యవేక్షించే ప్రొబేషన్ అధికారి మార్క్ యాంట్జీ మెన్నోనైట్. వీళ్లిద్దరూ ఆ ఇళ్లవాళ్లను కలిస్తే బాగుంటుందని జడ్జికి సూచించాడు. చట్టంలో అలాంటి పద్ధతి లేదు. జడ్జి మొదట వెనకాడి, చివరికి ఒప్పుకుని తీర్పు వాయిదా వేశాడు.

ఆ ఇద్దరూ ఒక్కొక్క ఇంటి తలుపు తట్టారు. యాంట్జీ, ఆయన తోటి పనివాడు పుస్తకం పట్టుకుని వెనకాల నిలబడ్డారు. కుర్రాళ్లే చెప్పాలి: "ఆ రాత్రి మీ కారు పాడుచేసింది మేమే." కొందరు కోప్పడ్డారు, కొందరు లోపలికి పిలిచి కూర్చోబెట్టారు. జరిగిన నష్టం ఎంతో ఆ ఇళ్లవాళ్ల నోటే విన్నారు. కొద్ది నెలల్లో మళ్లీ అవే ఇళ్లకు వెళ్లి డబ్బు చెల్లించారు. ఇవాళ ఎన్నో దేశాల న్యాయ వ్యవస్థల్లో పునరుద్ధరణ న్యాయం అనే పేరుతో నడుస్తున్న పద్ధతికి మొదటి మెట్లలో ఇదొకటి. తర్వాత హోవర్డ్ జేర్ అనే మెన్నోనైట్ పండితుడు దీన్ని ఒక సిద్ధాంతంగా నిలబెట్టాడు. నేరం జరిగితే ఏ చట్టం తప్పారు, ఎంత శిక్ష వేయాలి అని అడగడం మనకు అలవాటు. ఎవరికి గాయమైంది, వాళ్లకు ఏం కావాలి, దాన్ని బాగుచేసే బాధ్యత ఎవరిది అని అడగమన్నాడు ఆయన. ఆ కుర్రాళ్లు చేసిన పనిని మత్తయి ఐదో అధ్యాయం పక్కన పెట్టి చదవండి. మొదట వెళ్లి సమాధానపడుము అన్నది అక్షరాలా అదే.

మెన్నోనైట్ శాంతి కార్యకర్త జాన్ పాల్ లెడరాక్ పేరు కూడా చెప్పాలి. 1980లలో నికరాగువాలో సాండినిస్టా ప్రభుత్వానికీ మిస్కిటో ఆదివాసులకూ మధ్య సంధి ప్రయత్నాల్లో పనిచేశాడు. ఆయన అనుభవంలో తేలింది ఏమిటంటే, ఏ ఊరికి ఆ ఊళ్లో గొడవలు తీర్చుకునే దారులు ముందే ఉంటాయి, బయటినుంచి వచ్చినవాడు వాటిని వెలికితీయడానికి సాయపడాలి తప్ప తన పద్ధతిని తెచ్చి రుద్దకూడదు. 1990ల మధ్యలో వర్జీనియాలోని ఈస్టర్న్ మెన్నోనైట్ యూనివర్సిటీలో ఆ చదువుకు ఒక కేంద్రం ఏర్పడింది. లైబీరియాలో అంతర్యుద్ధాన్ని ఆపడానికి స్త్రీలను కూడగట్టి 2011లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్న లేమా బోవీ అక్కడే ఎం.ఏ. చదివింది. ఆమె మెన్నోనైట్ కాదు, మార్టిన్ లూథర్ బాటలో వచ్చిన లూథరన్ సంఘం మనిషి.

కొలంబియాలో మెన్నోనైట్లు 1990లో హుస్తాపాస్ అనే సంస్థ పెట్టారు. అంతర్యుద్ధం నడుస్తున్న దేశంలో నిర్బంధ సైనిక సేవకు మనస్సాక్షి ఒప్పుకోని యువకుల పక్షాన నిలబడ్డారు. 2009లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఆ హక్కును గుర్తించింది. ఇండొనేషియాలో, ముస్లింలు అధిక సంఖ్యలో ఉన్న జావా ద్వీపంలో, సోలో అనే నగరంలో ఒక మెన్నోనైట్ పాస్టరు తమను వ్యతిరేకించే ఒక ముస్లిం దళం కార్యాలయానికి పదే పదే వెళ్లి పరిచయం పెంచుకున్నాడు. 2004 సునామీ తర్వాత ఇరువైపులవాళ్లూ కలిసి ఆచెలో పునర్నిర్మాణ పనులు చేశారు.

ఆరాధన సంగతికి వస్తాను. అమెరికా, స్విట్జర్లాండ్‌లలోని పాత సంఘాల్లో వాద్యాలు లేకుండా నాలుగు స్వరాల్లో పాడతారు. ఆమిష్ వాళ్లు ఇప్పటికీ పాడే పాటల్లో కొన్ని 1530లలో జర్మనీలోని పస్సౌ కోట చెరసాలలో ఖైదీలు కట్టినవి. పుస్తకంలో స్వరలిపి ఉండదు, రాగం తండ్రినుంచి కొడుక్కు నోటిమాటగా వస్తుంది. కాంగోలో డప్పులు, నాట్యం లేకుండా కానుక పట్టడమే ఉండదు. జావాలో గామెలాన్ అనే అక్కడి సంప్రదాయ వాద్యాలతో పాడే సంఘాలున్నాయి, ఎలక్ట్రిక్ గిటార్లతో వేలమంది పాడే సంఘాలూ ఉన్నాయి. కొన్నేళ్లకోసారి ప్రపంచ మహాసభ సమావేశాలు జరిగినప్పుడు ఖండానికి కొంతమంది చొప్పున గాయకులు వచ్చి తమ పాటలు అందరికీ నేర్పుతారు. అర్థం పూర్తిగా తెలియని భాషలో వేలమంది దేవుణ్ణి స్తుతిస్తారు.

బాగుంటుంది, నిజమే. కానీ ఒకరి పాట పాడటం తేలిక, ఆ పాట వెనకున్న కన్నీళ్లు వినడం కష్టం. కాంగో పాటలు ప్రపంచమంతా పాడింది. 2016, 17లలో కాంగోలోని కసాయి అనే ప్రాంతంలో జనం ఊచకోతకు గురై లక్షలమంది ఇళ్లు వదిలి పారిపోతే ఆ వార్త ఎంతమందికి చేరింది? కిక్విట్ పట్టణంలోని మెన్నోనైట్ బ్రదరన్ కుటుంబాలు, తమకే చాలీచాలని ఇళ్లలో, ఆ కాందిశీకులను ఉంచుకున్నాయి. బయటి దేశాల సాయం తర్వాత వచ్చింది.

తెలుగు నేలమీది కథ కూడా ఇందులో భాగమే. రష్యన్ సామ్రాజ్యం నుంచి అబ్రహాం, మరియా ఫ్రీసెన్ దంపతులు 1889లో వచ్చి నల్గొండలో పనిచేశారు. 1899 నుంచి అమెరికా మెన్నోనైట్ బ్రదరన్లు వచ్చారు. డాక్టర్ కాథరీనా షెల్లెన్‌బర్గ్ 1907లో వచ్చి 1945లో చనిపోయేదాకా ఇక్కడే వైద్యం చేసింది. షంషాబాద్‌లో 1932లో మిషనరీల ఇంట్లో పుట్టిన పాల్ హీబర్ట్ పెద్దయ్యాక మిషన్ రంగంలో పేరున్న మానవశాస్త్రవేత్త అయ్యాడు. ఆయన చెప్పిన ఒక సంఘటన నన్ను వదలదు.

తెలంగాణలో ఒక పల్లెకు మశూచి వచ్చింది. అమ్మవారికి దున్నను బలివ్వాలి, ఇంటింటికీ చందా అన్నారు ఊరిపెద్దలు. క్రైస్తవులు ఇవ్వలేమన్నారు. వాళ్లకు బావి నీళ్లు బంద్, దుకాణంలో సరుకు బంద్. అంతలో క్రైస్తవుల ఇంట్లోనే ఒక చిన్నపిల్లకు మశూచి సోకింది. సంఘ పెద్ద ఒకాయన హీబర్ట్ దగ్గరికి వచ్చి ప్రార్థన చేయమన్నాడు. హీబర్ట్ మోకాళ్లు వేశాడు గానీ, చదువుకున్న చదువులో దీనికి జవాబు ఎక్కడా లేదని ఆయనకు తెలుస్తూనే ఉంది. వారం తర్వాత ఆ పెద్ద మళ్లీ వచ్చాడు. పిల్ల చనిపోయింది. హీబర్ట్ కుంగిపోయాడు. ఆ పెద్ద మాత్రం సంఘం ఓడిపోలేదని చెప్పాడు. పిల్ల బతికి ఉంటే ఊరివాళ్లు మన దేవుడి శక్తిని ఒప్పుకునేవాళ్లే, అయినా ఎప్పటికైనా ఆమె చావక తప్పదని వాళ్లకూ తెలుసు. సమాధి దగ్గర, చనిపోయినవాళ్లు తిరిగి లేస్తారన్న మన పునరుత్థాన నిరీక్షణ చూశారు, ఇప్పుడు ఈ మార్గం గురించి అడుగుతున్నారు, అన్నాడు.

ఆ రోజు బోధకుడు ఎవరు, శిష్యుడు ఎవరు? స్థానిక ఆచారాలను మిషనరీ కొట్టిపారేయకూడదు, గుడ్డిగా తలకెత్తుకోకూడదు, ఆ సంఘమే లేఖనం వెలుగులో పరిశీలించి నిర్ణయించుకోవాలి అని హీబర్ట్ తర్వాతి కాలంలో బోధించిన విధానం ప్రపంచమంతటా సెమినరీల్లో పాఠమైంది.

వైఫల్యాలు కూడా చెప్పకపోతే నా ప్రసంగం నిజాయితీగా ఉండదు. రష్యా అంతర్యుద్ధంలో దోపిడీలు, హత్యలు భరించలేక ఉక్రెయిన్ మెన్నోనైట్లు కొందరు తుపాకులు పట్టారు. ఆ తర్వాతి కరువులో వాళ్లకు అన్నం పెట్టడానికే 1920లో మెన్నోనైట్ సెంట్రల్ కమిటీ పుట్టింది. క్లేటన్ క్రాట్జ్ అనే అమెరికా యువకుడు ఆ పనిమీద వెళ్లి అరెస్టయ్యాడు, మళ్లీ ఎవరికీ కనిపించలేదు. జర్మనీలో 1930లలో చాలా మెన్నోనైట్ సంఘాలు ఆయుధం పట్టరాదన్న సిద్ధాంతాన్ని వదులుకుని హిట్లర్ రాజ్యానికి తల ఊపాయి. మన దేశంలో ప్రభువు బల్లలో, అంటే రొట్టె, ద్రాక్షారసం కలిసి తీసుకునే సంస్కారంలో, పాలు పంచుకున్నవాళ్ల మధ్యే కులం గోడ కడుతుంది. ఆస్తుల తగాదాలు కోర్టుకెక్కుతాయి. శత్రువును ప్రేమించమని బోధించే సంఘం సొంత సహోదరుడితో మాట్లాడకపోతే ఆ బోధ ఎవరు వింటారు?

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమైన ఘట్టం. 2010 జూలై 22, జర్మనీలోని స్టుట్‌గార్ట్. లూథరన్ ప్రపంచ సమాఖ్య మహాసభ. లూథరన్ల 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన అనబాప్టిస్టులను పేరుపెట్టి ఖండించింది, ఆ ఖండనను చూపించే ఎందరినో హింసించారు. ఆ పాపానికి దేవుణ్ణీ మెన్నోనైట్లనూ క్షమాపణ అడుగుతూ తీర్మానం పెట్టారు. చేతులెత్తి ఓటేయలేదు. ప్రతినిధులు మోకాళ్లూనారు, కొందరు నిలబడ్డారు. ఏకగ్రీవం. అప్పుడు ప్రపంచ మెన్నోనైట్ మహాసభ అధ్యక్షుడు డానిసా న్డ్లోవు ముందుకు వచ్చాడు. జింబాబ్వే బిషప్. లూథరన్ల అధ్యక్షుడు మార్క్ హాన్సన్ చేతికి ఒక చెక్క తొట్టె ఇచ్చాడు. మెన్నోనైట్లు ప్రభువు బల్ల సమయంలో ఒకరి కాళ్లు ఒకరు కడిగే తొట్టె అది.

ఒక్క క్షణం ఆలోచించండి. నదిలో మునిగినవాళ్లు, మంటల్లో కాలినవాళ్లు యూరప్‌వాళ్లు. వాళ్ల తరఫున క్షమాపణ అందుకున్నది ఆఫ్రికావాడు. ఆయన సంఘం ఎక్కువగా ఉన్న మటబేలేలాండ్‌లో 1980లలో సొంత దేశపు సైన్యమే వేలమందిని చంపింది, ఆ గాయం ఇంకా ఆరలేదు. క్షమించడం ఎంత బరువో తెలిసిన చేతులే ఆ తొట్టెను ఇచ్చాయి. చనిపోయినవాళ్ల తరఫున బతికున్నవాళ్లు క్షమించగలరా అని వేదాంతులు వాదిస్తారు, వాదించనివ్వండి. నా మట్టుకు నాకు, ఒకే శరీరం అని బల్ల దగ్గర చెప్పుకునే మాట నిజమైతే ఆ అధికారం ఆయనకుంది. 2025 మే 29న, అనబాప్టిస్టు ఉద్యమానికి 500 ఏళ్లు నిండిన సందర్భంలో, ప్రపంచం నలుమూలల నుంచి మెన్నోనైట్లు జూరిక్ చేరుకున్నారు. ఒకప్పుడు తమను వెలివేసిన ఆ గ్రాస్‌మున్‌స్టర్‌లోనే, ఆనాటి జూరిక్ చర్చి వారసులైన రిఫార్మ్‌డ్ సంఘాలతో కలిసి ఆరాధించారు, ఉమ్మడి ప్రకటనను స్వీకరించారు.

మన సంఘాల్లో చేయదగిన పని ఒకటుంది. ఏటా జనవరి 21కి దగ్గరి ఆదివారాన్ని అనబాప్టిస్టు ప్రపంచ సహవాస ఆదివారంగా పాటిస్తారు. పాటలు, ప్రార్థనలు, వాక్యభాగాలు ఒక్కో ఏడాది ఒక్కో ఖండంవాళ్లు సిద్ధం చేసి పంపుతారు. ఆ రోజు మనిషికి ఒక పూట భోజనం విలువను కానుకగా వేయమంటారు. డబ్బున్న దేశమైనా లేని దేశమైనా అడిగేది ఒక పూటే. ఆ పద్ధతి నాకు చాలా నచ్చింది. పాస్టర్లు ఈసారి ఆ సామగ్రి ముందుగానే తెప్పించుకోండి, ఇథియోపియా, కాంగో, ఉక్రెయిన్ సంఘాల పేర్లు ఎత్తి ప్రార్థించండి. ఆ ఆదివారానికి ముందు వారంలో, సంఘంలో మాటలు మానుకున్నవాళ్లు ఎవరెవరున్నారో చూసి వాళ్ల ఇళ్లకు వెళ్లండి. తర్వాతి మహాసభ 2028లో ఇథియోపియాలో జరపాలని నిర్ణయించారు. మన యువతీ యువకుల్లో కొందరినైనా పంపే ఏర్పాటు ఇప్పటినుంచే మొదలుపెట్టాలి.

ఇక ప్రశ్నలకు సమయం ఉంది. సైన్యంలో, పోలీసులో పనిచేసే విశ్వాసుల సంగతేమిటని అడగాలనుకునేవాళ్లు మొహమాటపడకండి. ఆ ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు ఇక్కడే కూర్చుని ఉంటే, ముందు వాళ్లనే మాట్లాడనిద్దాం.